రెండో కాగితం

ఆ నల్లకారు మా ఇంటి ముందు ఉన్నది సరిగ్గా ఇరవై మూడు రోజులు. ఆ ఇరవై మూడు రోజులూ దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. వీధిలో పిల్లలు సైకిళ్లు ఆపి మరీ దాన్ని గుడ్లప్పగించి చూసేవాళ్లు. చెత్త తీసుకెళ్లే లారీవాళ్లు కూడా ఓసారి దిగి చుట్టూ తిరిగి చూసి వెళ్లారు. నేను మాత్రం వంటింటి కిటికీ తెర దించేసి గిన్నెలు కడుక్కునేదాన్ని.

1987 వేసవి అది. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్లం, నేనూ మా ఆయన సుందర్ రాజ్. పాలకొల్లులో మిషన్ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మా మామగారు సత్యానందం గారు ఆర్నెల్లు మాతో ఉందామని ఆ ఏడే వచ్చారు. నేను నర్సుని. అమెరికాకి ముందు వచ్చింది నేను, రెండేళ్ల తర్వాత నా వీసా మీద వచ్చింది ఆయన. ఈ సంగతి మా ఇద్దరి మధ్యా ఏనాడూ మాటల్లోకి రాలేదు. దాన్ని నలుగురిలో మాటల్లోకి లాగినవాడు మా తమ్ముడు సామ్యూల్.

మే నెలలో ఒక ఆదివారం. మా తెలుగు ఆరాధన సాయంత్రం నాలుగింటికి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. ప్రార్థన అయ్యి అందరం పైకి వచ్చేసరికి పార్కింగ్ లాట్‌లో ఎర్రటి మస్టాంగ్ ఉంది. సామ్యూల్ డియర్‌బార్న్‌లో ఆ కార్లు చేసే కంపెనీలోనే ఇంజనీరు. ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకి కొన్నాడు. బావని పక్కన ఎక్కించుకుని లాట్ చుట్టూ ఒక రౌండు కొట్టి, కీచుమని బ్రేకేసి దింపాడు. సుందర్ నవ్వుతూనే దిగాడు. చాలా బాగుందన్నాడు. తనకీ ఇలాంటిది ఒకటి కొనుక్కోవాలని ఎప్పట్నించో ఉందన్నాడు.

"మీకేం బావా," అన్నాడు సామ్యూల్, అందరికీ వినపడేలా. "అక్క నాలుగు నెలలు ఓవర్‌టైం చేస్తే కొనిపెట్టేస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. ఇంటికొచ్చే దారిలో సుందర్ మా పాత స్టేషన్ వాగన్‌ని ముప్పై అయిదు మైళ్లకి మించకూడని రోడ్డు మీద యాభైలో తోలాడు.

మర్నాటి నుంచి మా భోజనాల బల్ల మీద పళ్లేలకి చోటు లేదు. అన్నీ కార్ల పత్రికలే. ఏ కారుకి సున్నా నుంచి అరవై మైళ్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడతాయో సుందర్ గళ్లు గీసి రాసుకున్నాడు. శనివారం వస్తే చాలు, టెస్ట్ డ్రైవ్ అంటూ పోయేవాడు. మస్టాంగ్ కొంటే బావమరిదిని చూసి కొన్నాడంటారు. కమారో ఐరాక్ నడిపి వచ్చి బాగానే ఉందన్నాడు గానీ, తలుపు మీద అంతంత అక్షరాలతో పేరు రాసుకుని ఊరేగడం ఆయన వంటికి సరిపడలేదు. చివరికి మనసు బ్యూయిక్ గ్రాండ్ నేషనల్ మీద పడింది. నలుపు తప్ప ఇంకో రంగు లేదు దానికి. ఉన్నది ఆరు సిలిండర్లే అయినా ఇంజన్లోకి గాలిని ఒత్తి ఎక్కించే టర్బో ఉందనీ, మిగతా రెండింటికీ ఎనిమిదేసి ఉన్నా ఇదే ముందుంటుందనీ పత్రికలు రాశాయి. పైగా ఆ మోడల్‌కి అదే ఆఖరి ఏడాది.

ఇంకో కారణం కూడా ఉంది, అసలు కారణం అదేనేమో. సుందర్ పనిచేసేది కార్ల కంపెనీలో కాదు, కార్ల కంపెనీలకి చిన్న చిన్న భాగాలు చేసిపెట్టే సంస్థలో. ఆ బ్యూయిక్‌లో టర్బోకి వెళ్లే గొట్టాన్ని బిగించి పట్టుకునే ఇనప క్లాంప్ ఒకటి ఉంటుంది, నా బొటనవేలంత. దాని డ్రాయింగ్ సుందర్ గీసింది. "ఆ కార్‌లో నా ముక్క ఉంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. ప్లంబింగ్ పనికి వచ్చినవాడికి కూడా చెప్పాడు.

నేను కాదనలేదు. ఆ వేసవిలో నాకు కావలసింది ఒకే ఒక్కటి, అది ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. ఆపరేషన్‌కి మత్తిచ్చే పని నేర్పే అనస్థీషియా స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం. నాలుగేళ్లు సాయంత్రాలు చదివి డిగ్రీ తెచ్చుకుని, ఐసీయూలో పని నేర్చుకుని, రెండుసార్లు కాదనిపించుకుని మూడోసారి సంపాదించిన సీటు అది. ఆగస్టు పదిహేనులోగా మొదటి ఏడాది ఫీజు కట్టాలి, అయిదు వేల రెండొందలు. ఆ డబ్బు మా ఇద్దరి పేరా ఉన్న సేవింగ్స్‌లో సిద్ధంగా ఉంది.

"నీ డబ్బు జోలికి వెళ్లను విమలా. లోన్ తీసుకుంటా, నా జీతంలోంచి కట్టుకుంటా," అన్నాడు సుందర్. నమ్మాను.

మేపుల్ రోడ్డు మీద ఒక డీలరు దగ్గర అలాంటి కారు ఒక్కటే ఉంది. కిటికీ అద్దానికి అంటించిన కాగితం మీద పదిహేడు వేల తొమ్మిదొందలని రాసి ఉంది. ఇందులో ఎంత తగ్గించగలమా అని సుందర్ తల పట్టుకుని కూర్చుంటే, మామగారు చదువుతున్న బైబిలు మూసి, కళ్లజోడు తీసి, పశువుల సంతలో ఎద్దుని కొనే పద్ధతి చెప్పారు.

"కొనేవాడు ముందు వెళ్లకూడదురా అబ్బాయ్. మనోళ్లు నలుగురు ముందెళ్లాలి. ఒకడు పళ్లు బాలేదంటాడు, ఇంకోడు కాలు ఈడుస్తుందంటాడు. ధర అడగాలి, పెదవి విరవాలి, వచ్చేయాలి. నాలుగో రోజుకి అమ్మేవాడు నీరుగారిపోతాడు. అప్పుడెళ్లి నువ్వు చెయ్యి కలపాలి."

సుందర్ మొహం వెలిగిపోయింది. నాకు నవ్వొచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, తెలివైన ఉపాయంగానే తోచింది. ఎద్దుకీ కారుకీ బేరంలో తేడా ఏముంటుందనుకున్నాను.

ఇక ఆ పది రోజులూ మా ఇల్లు పెళ్లివారి విడిదిలా ఉంది. చర్చిలో మగాళ్లంతా వంతులేసుకుని ఆ డీలరు దగ్గరికి వెళ్లడం, సీట్లో కూర్చుని చూడటం, ధర అడిగి పెదవి విరవడం, అక్కణ్నించి తిన్నగా మా ఇంటికొచ్చి పకోడీలు తింటూ జరిగింది చెప్పడం. ఒకాయన వెనక సీట్లో కాళ్లు పట్టవన్నాడట. ఇంకొకాయన డిక్కీ చిన్నదన్నాడట. చర్చికి రాని మా పక్కింటి వరంగల్ కృష్ణమూర్తి గారు కూడా ఉత్సాహంగా వెళ్లొచ్చారు. "నల్లది ఎండకు కాలుతది, ఇంత ధర ఎవరు పెడ్తరు అని మొహం మీదనే చెప్పిన," అన్నారు. తమ్ముణ్ణి కూడా సుందరే పంపాడు. ఆరు సిలిండర్లకి ఇంత ధరేమిటని వాడు అడిగొచ్చాడు. మొత్తం ఏడుగురు, అందులో ఒకాయన రెండుసార్లు.

అందరూ చెప్పిన మాట ఒకటే. సేల్స్‌మాన్ చాలా మర్యాదగా మాట్లాడాడు, ప్రతివాళ్ల పేరూ ఫోన్ నంబరూ రాసుకున్నాడు. మామగారు ఇది విని సంతృప్తిగా తలూపారు. పేరు రాసుకుంటున్నాడంటే గాభరా పడుతున్నాడని అర్థం అన్నారు.

పదకొండో రోజు శనివారం. నేనూ, సుందర్, మామగారూ కలిసి వెళ్లాం. కారు అక్కడే ఉంది. కిటికీ మీద కాగితం కూడా అలాగే ఉంది. దాని పక్కన అదే సైజులో ఇంకో కాగితం ఉంది, పచ్చరంగుది. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్, అయిదు వేల డాలర్లు. అంతే రాసి ఉంది దాని మీద.

డెన్నిస్ అనే సేల్స్‌మాన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. ఇది దేనికని నేను అడిగాను, వార్డులో డ్యూటీ ఎగ్గొట్టిన వాళ్లని అడిగే గొంతుతో. ఆయన ఏమీ దాచలేదు. పదకొండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాననీ, ఒకే కారు కోసం పది రోజుల్లో ఇంతమంది రావడం ఎన్నడూ చూడలేదనీ చెప్పాడు. అందరూ మీ దేశం వాళ్లే, అందరికీ ఇదే కావాలి, ఒకాయనైతే ఆగలేక రెండోసారి కూడా వచ్చాడు అన్నాడు. నిన్న మధ్యాహ్నం మేనేజరు ఈ కాగితం అంటించమన్నాడట. సోమవారానికి ఇంకా పెరగొచ్చట. సుందర్ బతిమాలినట్టుగా ఏదో అనబోతే, గాజు గదిలో కూర్చున్న ఆ మేనేజరు కుర్చీలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు.

మామగారికి నాకన్నా మంచి ఇంగ్లీషు వచ్చు. ఆయన కారు చుట్టూ ఒక్కసారి నడిచి, వెళ్లి మా స్టేషన్ వాగన్ వెనక సీట్లో కూర్చున్నారు.

తిరిగి వస్తుంటే నేను ఊరుకోలేదు. "ఆ రెండో కాగితానికి మనకేం వస్తుంది?" అని అడిగాను. ఇంజను మారుతుందా, సీట్లు మారతాయా, పోనీ కాళ్ల కింద వేసుకునే పట్టాలైనా కొత్తవి ఇస్తారా అని అడిగాను. సుందర్ సిగ్నల్ దగ్గర ఆగి, ముందుకే చూస్తూ జవాబిచ్చాడు.

"కారు వస్తుంది."

తప్పు ఎవరిదో ముగ్గురికీ తెలుసు. కానీ కన్నతండ్రిని అనలేడు కదా, ఇంకెవరో కావలసి వచ్చింది సుందర్‌కి. మర్నాడు చర్చి అయ్యాక సామ్యూల్ మా ఇంటికి రాగానే పట్టుకున్నాడు. నువ్వే వెళ్లి ఎక్కువిస్తానని చెప్పి ధర పెంచావన్నాడు. నాకు దక్కకూడదనే చేశావన్నాడు. తమ్ముడు ముందు నవ్వాడు, తర్వాత వాడు కూడా మొహం గంటుపెట్టుకున్నాడు.

"మీరు పంపితే వెళ్లాను బావా. మీరు అనమన్నదే అని వచ్చాను," అన్నాడు. తర్వాత తన కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ అన్నాడు, "అంత కష్టమైతే మస్టాంగే తీసుకోండి. చుట్టాలకి కూడా మా కంపెనీ తగ్గింపు ఫామ్ ఇస్తుంది, నేను సంతకం పెడతా. కాగితం మీద ధరకన్నా తక్కువకే వస్తుంది. అక్క చదువు డబ్బు అక్కకి ఉంటుంది."

ఆ వేసవి మొత్తం మా ఇంట్లో ఎవరైనా అన్న మాటల్లో బుద్ధి ఉన్న మాట అదొక్కటే. కానీ ఆ తాళాలు తిప్పడం, ఆ వంకరనవ్వు చూస్తే నాకే చెంప మీద కొట్టాలనిపించింది. నీ దయాధర్మం మీద బతకడానికి రాలేదన్నాడు సుందర్.

"ఎవరి దయ మీద వచ్చారో అందరికీ తెలుసులే బావా."

మామగారు లేచి వీధి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. సామ్యూల్ వెళ్లిపోయాడు. గుమ్మం దాకా వెళ్లి వాణ్ణి నానా తిట్లూ తిట్టాను గానీ, తిరిగి లోపలికి వచ్చి సుందర్ మొహం చూశాక తెలిసింది, ఇక ఆ కారు ఆగదని. మస్టాంగ్ చచ్చినా కొనడు. ఊరుకోవడం అంతకన్నా చేతకాదు. అయినా నా డబ్బు జోలికి వెళ్లడనే అనుకున్నాను.

జూలై పదహారు, గురువారం. మూడున్నరకి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి డ్రైవ్‌వేలో నల్లగా నిలబడి ఉంది. వరండాలో సుందర్ కొత్త అల్లుడిలా నిలబడి ఉన్నాడు. నేను కారు వైపు చూడకుండా లోపలికి వెళ్లి బ్యాంకు పుస్తకం తీశాను. పోయింది. నూట చిల్లర మిగిలింది.

బ్యాంకువాళ్లు మొదటి కాగితానికే అప్పిస్తారట. రెండో కాగితానికి రొక్కం పెట్టాల్సిందేనట. ఇంకెక్కడా లేకపోయిందట. ఇవన్నీ నెమ్మదిగా, లెక్కల మాస్టారు పాఠం చెప్పినట్టు చెప్పాడు. నీ డబ్బు, నా డబ్బు ఏమిటి విమలా, ఇంటి డబ్బు కదా అన్నాడు.

"వచ్చే ఏడు చేరొచ్చు. సీటు ఎక్కడికి పోతుంది?"

"కారు వచ్చే ఏడు కొనుక్కోలేకపోయారా?"

"ఆ కారుకి ఇదే ఆఖరి ఏడాది విమలా."

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. సీటు దాచిపెట్టరు, మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్లీ ఇంటర్వ్యూ చేసే ఆ ముగ్గురు పెద్దమనుషుల ముందు కూర్చుని ఈ వయసులో ఎందుకు చదవాలనుకుంటున్నారన్న ప్రశ్నకి నవ్వుతూ జవాబు చెప్పాలి. ఇదంతా ఆయనకి తెలుసు. తెలిసే చేశాడు. ఆ నిమిషంలో నేను నా మొగుణ్ణి అసహ్యించుకున్నాను. కోపం కాదు, కోపం నాకు కొత్త కాదు. ఇది వేరు. ఏడుపు కూడా రాలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో మాటల్లేవు. పొద్దున్నే ఆయన టిఫిన్ క్యారియర్‌లో ఒక గిన్నెలో అన్నం పెట్టి, రెండో గిన్నె ఖాళీగా పెట్టి పంపేదాన్ని. మూడో రోజు కూరేదని అడిగాడు. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అన్నాను. మళ్లీ అడగలేదు. ఒట్టి అన్నం తిని వచ్చేవాడు, వచ్చి ఆ కారుని మెత్తటి గుడ్డతో తుడుచుకునేవాడు. దాన్ని నడుపుతున్నప్పుడు మాత్రం ఆయన మొహంలో సంతోషం ఉండేదని మామగారు చెప్పారు. నేను దాంట్లో కాలు పెట్టలేదు.

మామగారు ఒకరోజు వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. "తప్పు నాదమ్మా," అన్నారు. "సంతలో పది ఎడ్లుంటాయి, కొనేవాళ్లు నలుగురుంటారు. ఇక్కడ ఎద్దు ఒకటే. అది నాకు తట్టలేదు." తిరుగు టికెట్టు ముందుకి జరిపించుకుంటానన్నారు. పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఉపాయం చెప్పింది ఆయనే గానీ, బ్యాంకుకి వెళ్లింది ఆయన కాదు. ఆ మాటే చెప్పాను.

ఆగస్టు రెండో తేదీ, ఆదివారం. నాకు పొద్దుటి డ్యూటీ. వంటింటి మేకుకి ఆ కారు రెండో తాళంచెవి వేలాడుతోంది. ఇద్దరూ ఇంకా నిద్ర లేవలేదు. తాళం తీసుకుని ఆ కారులోనే బయల్దేరాను.

అబద్ధం ఎందుకు చెప్పాలి, హైవే ఎక్కే మలుపులో కాలు కాస్త గట్టిగా నొక్కేసరికి అది ఒక్క దూకు దూకింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. నాకు తెలియకుండానే గట్టిగా నవ్వేశాను. వెంటనే ఆ నవ్వినందుకు కూడా సుందర్ మీదే కోపం వచ్చింది.

మధ్యాహ్నం భోజనం వేళ నర్సుల గదిలో కూర్చుని రెండు కాగితాలు రాశాను. ఒకదాని మీద కారు ధర, పదిహేడు వేల తొమ్మిదొందలు. రెండోదాని మీద, అదనం: అనస్థీషియా స్కూలు, మొదటి ఏడాది ఫీజు, అయిదు వేల రెండొందలు. కింద మా ఫోన్ నంబరు. కట్లు కట్టే తెల్ల టేపుతో రెండింటినీ పక్కపక్కన ఆ కారు కిటికీ అద్దానికి లోపలినుంచి అంటించాను. నర్సు అంటించిన టేపు అంత తేలిగ్గా ఊడదు. పేపర్లో ప్రకటన శుక్రవారమే ఇచ్చేశాను. మూడున్నరకి డ్యూటీ దిగి తిన్నగా చర్చికి వెళ్లి, అందరూ నడిచే దారిలో కారు పెట్టాను.

ఆరాధన అయ్యాక ఏడుగురిలో ఆరుగురు ఆ కారు చుట్టూ మూగారు. ఎవరూ పెదవి విరవలేదు. రెండో కాగితం చదివి ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. తప్పుకోనివాడు మా తమ్ముడు. గొడవ జరిగిన ఆదివారం తర్వాత మా ఇంటి గుమ్మం తొక్కని వాడు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"మొదటి కాగితం ధర ఇవాళే ఇస్తానక్కా. రెండోది తీసెయ్."

"రెండోదీ ఇస్తేనే."

"నీ తమ్ముణ్ణక్కా నేను."

"స్కూల్లో ఫీజు కట్టించుకునేవాడు నాకు తమ్ముడు కాడు కదరా," అన్నాను. వాడి కళ్లల్లో ఆశ చూశాను. ఆ కారులో తిరిగి బావ ముందు బ్రేకేసి దిగాలన్న ఆశ. వాడికి మాత్రం ఎంతకీ అమ్మకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

సుందర్ మామగారితో స్టేషన్ వాగన్‌లో నాకన్నా ముందే వచ్చి లోపల కూర్చున్నాడు గనుక అప్పటిదాకా చూడలేదు. మెట్లెక్కి పైకి వచ్చి, చూసి, రెండుసార్లు చదివాడు. నలభై మంది చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. తలుపు తీసి టేపు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా," అన్నారు మామగారు. పెద్దగా అనలేదు. కానీ ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా పనిచేసిన గొంతు అది. సుందర్ చెయ్యి తీశాడు. మామగారు నా వైపు తిరిగి, నలుగురికి చెప్పి ఎవరినైనా పంపమంటావా అమ్మా అన్నారు.

"ఈసారి ఎవర్నీ పంపకండి మామయ్యగారూ."

అసలు సంగతి ఒకటుంది, అది నాకూ సుందర్‌కీ మాత్రమే తెలుసు. కారు ఆయన పేరున ఉంది. ఆయన సంతకం పెట్టకపోతే ఆ కారు హారన్ కూడా నేను అమ్మలేను. ఆ కాగితం ఉత్త బెదిరింపు. పీకేసి చెత్తబుట్టలో వేస్తే నేను చేయగలిగేది ఏమీ లేదు. వారం రోజులు ఆ కాగితాలతోనే ఆఫీసుకి వెళ్లొచ్చాడు. ఎందుకు పీకలేదో అడగలేదు. ఆయనా చెప్పలేదు.

శనివారం, ఎనిమిదో తేదీ, పొద్దున్న తొమ్మిదింటికి టొలీడో నుంచి ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, పెద్ద చేతులు, ప్రకటన ముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కారు కిందకి వంగి చూశాడు, హుడ్ ఎత్తి చూశాడు, నేను పక్కన కూర్చోగా మూడు మైళ్లు నడిపి చూశాడు. దిగి కాగితాలు చదివాడు. మొదటిది సబబే అన్నాడు. రెండోదాని మీద వేలుతో కొట్టాడు. ఇందులో నాకేం వస్తుందమ్మా అని అడిగాడు.

నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. ఊరంతా డీలర్లు ఇలాగే అడుగుతున్నారని, ఇంకెక్కడా దొరకదని చెబుదామనుకున్నాను. నోరు తెరిచేలోగా గరాజ్ మెట్టు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న సుందర్ పేపరు దించాడు. మూడు వారాలుగా నా ఎదుట పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి.

"కారు వస్తుంది," అన్నాడు ఇంగ్లీషులో.

అతను సుందర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ కారు వైపు చూశాడు. సరే అన్నాడు.

అందరం లోన్ ఇచ్చిన బ్యాంకుకి వెళ్లాం. మొదటి కాగితం డబ్బు లోన్‌కి పోయింది, రెండో కాగితం డబ్బు నా చేతికి వచ్చింది. సుందర్ సంతకం పెట్టి, జేబులోంచి తన తాళంచెవి తీసి, చొక్కా అంచుతో ఒకసారి తుడిచి ఇచ్చాడు. అతను ఆ కాగితాలు పీకే ఓపిక కూడా లేకుండా అలాగే వెళ్లిపోయాడు. ఇంటికొచ్చేటప్పుడు స్టేషన్ వాగన్ నేనే నడిపాను. సోమవారం నిన్ను స్కూలు దగ్గర నేను దింపుతానన్నాడు సుందర్. నేను వెళ్లగలనని చెప్పాను.

ఆ సోమవారం నుంచి టిఫిన్ క్యారియర్‌లో కూర పెట్టాను. మా ఆయన ఇంకెప్పుడూ కార్ల పత్రిక ఇంటికి తేలేదు. మామగారు టికెట్టు జరిపించుకోలేదు, క్రిస్మస్ దాకా ఉండి వెళ్లారు. తమ్ముడు మా ఇంటికి మళ్లీ వచ్చింది రెండేళ్ల తర్వాత, నేను పట్టా తీసుకున్న రోజున. బావా బావమరుదులు ఆ రోజు కూడా చెరో చివర కూర్చున్నారు. సుందర్‌ని క్షమించావా అని మామగారు ఉత్తరాల్లో అడిగేవారు. ఆయన క్షమాపణ అడగలేదు, నేను ఇవ్వలేదు అని రాసేదాన్ని. అందులో కొంత అబద్ధం ఉంది.

ఫీజు కట్టడానికి ఆ సోమవారం పొద్దున్న చెక్కు బ్యాగ్‌లో పెట్టుకుని డెట్రాయిట్ వైపు హైవే మీద ఒక్కదాన్నే వెళుతున్నాను. గెలిచానన్న ఊపు ఇంకా తగ్గలేదు. శనివారం జరిగిందంతా మొదటినుంచి మళ్లీ మనసులో నడుపుకుంటున్నాను. టొలీడో నుంచి వచ్చినతను హుడ్ ఎత్తి టర్బో వైపు చాలాసేపు చూశాడు. వేలుపెట్టి ఆ క్లాంప్‌ని తాకి, గట్టిగా ఉందని తనలో తనే అనుకున్నాడు. సుందర్ నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. ప్లంబింగ్ పనికి వచ్చినవాడికి కూడా ఆ కార్‌లో నా ముక్క ఉందని చెప్పుకున్న మనిషి, ఆ కారు శాశ్వతంగా వెళ్లిపోతున్న రోజున ఆ మాట ఎత్తలేదు.

ఉన్నట్టుండి కళ్లు మసకబారాయి. తుడుచుకుని చూసేసరికి నేను దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది.